ఇంట చూడదగిన చలనచిత్రములు – వానిని వెదకు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమునందు చలనచిత్రములను గూర్చి ప్రసంగమేమని కొందరికి సందేహము కలుగవచ్చును. పుస్తకమునకును సినిమాకును పొత్తు కుదరదనియు, ఒకటి పెరిగినచోట రెండవది తరుగుననియు పెద్దలనేకులు తలంతురు. ఆ తలంపు పూర్తిగా నిరాధారమని త్రోసివేయుటకు వీలులేదు. సాయంకాలము పఠనమందిరమున కుర్చీలు ఖాళీగానున్న వేళ ఊరిలోని ప్రతి ఇంటను, ప్రతి చేతిలోను ఏదో యొక బొమ్మ కదలుచునే యున్నది. అయినను గ్రంథాలయమనగా కాగితపు కట్టల కొట్టు కాదు. ఉన్నవానిలో మేలైన దానిని ఏరి, భద్రపరచి, కావలసినవానికి కావలసిన వేళ అందించు ధర్మమునకే గ్రంథాలయమని పేరు. ఆ ధర్మము తాళపత్రమునకెట్లు వర్తించినదో అచ్చు పుస్తకమునకును అట్లే వర్తించినది. చలనచిత్రమునకును అట్లే వర్తించును. ఇదియే ఈ ప్రసంగమునకు ప్రాతిపదిక.

ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమము పుస్తకమును పాఠకుని గుమ్మము వరకు తీసికొనిపోయిన ఉద్యమము. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమేర్పడినది. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెం కేంద్రముగా పడవపై పుస్తకములు పెట్టించి కాలువ ఒడ్డునగల గ్రామములకు పంపిరి. పడవలో పట్టినన్ని పుస్తకములే పోవలెను గనుక వానిని ఏరి పెట్టుట తప్పనిసరి యయ్యెను. నేడు చలనచిత్రము పడవ లేకయే ఇంటికి వచ్చుచున్నది. ఏరి పెట్టువాడు మాత్రము దానితో రాలేదు. చిక్కంతయు ఇందే యున్నది.

ఇంటికి ఇట్లు వచ్చుటకు ముందు మంచి చిత్రము దొరకుట ఎంత దుర్లభమో స్మరించుట యుక్తము. 1947లో సత్యజిత్ రే, చిదానంద దాస్‌గుప్తా మొదలగువారు కలకత్తాలో ఫిల్మ్ సొసైటీ స్థాపించిరి. 1959లో అట్టి సంఘములన్నియు కలసి ఒక సమాఖ్యగా నేర్పడినవి. పరదేశపు చిత్రమును చూడగోరువాడు నగరవాసి కావలెను, అట్టి సంఘమున సభ్యుడు కావలెను, ప్రతి వచ్చు దినము వరకు వేచియుండవలెను. పల్లెవాసికి ఆ భాగ్యము లేదు. 1980 తరువాతి సంవత్సరములలో దూరదర్శన్ ఆదివారము మధ్యాహ్నము ప్రాంతీయ భాషా చిత్రములను ప్రసారము చేసినప్పుడు ఆ ద్వారము కొంత తెరచుకొనెను. పిమ్మట వీడియో కేసెట్టు, డిస్కు, తుదకు ఇంటర్నెట్టు వచ్చినవి. నేడు జపాను దేశపు చిత్రమైనను ఇరాను దేశపు చిత్రమైనను వెదకిన కొలదిసేపటిలో దొరకవచ్చును.

మరి కష్టమేమి? రాత్రి భోజనమైన పిమ్మట గృహస్థుడు టెలివిజను ముందు కూర్చుండును. తెరపై వరుసలు వరుసలుగా బొమ్మలు కానవచ్చును. ఒకటి నొక్కి చూచి, అది నచ్చక మరియొకటి నొక్కి, ఇట్లు ముప్పావుగంట గడచిన పిమ్మట లోగడ పదిమారులు చూచిన హాస్య సన్నివేశమునే మరల పెట్టుకొని కునుకు తీయును. గాదె నిండ ధాన్యముండియు పస్తు పండుకొనుట యనగా ఇదియే.

ఆ దుకాణములందు గుమస్తా మనుష్యుడు కాడు, యంత్రగణితము. నిన్న చూచినదానిని బట్టి నేడు అటువంటి దానినే ముందునకు తోయును. పెద్దలు చెప్పిన గతానుగతిక న్యాయమునకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు. పోరాటముల చిత్రము ఒకమారు చూచినవానికి పోరాటములే వడ్డింపబడును. ఎరుగని రుచిని ఎవడును అడుగలేడు. ఆ ఎరుగని రుచిని ఎరుకపరచుట యంత్రము పనికాదు, తెలిసిన పొరుగువాని పని, గ్రంథపాలకుని పని. కావున మొదటి సూత్రమిది: మేలైన చిత్రము దానంతటది ఎదురురాదు. పేరు తెలిసి పిలిచినవానికే అది పలుకును. చిత్రమును వెదకుటకు ముందు పేరును వెదకవలెను.

ఇక వెదకదగినవి మూడు తెగలు: స్వతంత్ర చిత్రములు, పరభాషా చిత్రములు, డాక్యుమెంటరీలు.

స్వతంత్ర చిత్రమనగా పెద్ద నిర్మాణ సంస్థల పెట్టుబడియు, వారి శాసనమును లేకుండ ఒకరో పదిమందియో తమ సంకల్పబలముతో తీసిన చిత్రము. దీని స్వరూపము తెలియవలెనన్న దాని జమాఖర్చులు చూడవలెను. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రచించిన 'పథేర్ పాంచాలి' నవల యొక్క సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేయుచు సత్యజిత్ రే ఆ కథను చిత్రముగా తీయదలచెను. పెట్టుబడిదారులు ముందునకు రాలేదు. జీవితబీమా పత్రమును, భార్య నగలను కుదువబెట్టి 1952లో పని ప్రారంభించెను. సొమ్ము ముగియుటయు పని ఆగుటయు, సొమ్ము దొరకుటయు పని సాగుటయుగా దాదాపు మూడు సంవత్సరములు నడచెను. తుదకు పశ్చిమ వంగ ప్రభుత్వము ఆదుకొనెను. చిత్రము పేరున బాట యను మాట యుండుటచేత ప్రభుత్వపు లెక్కలలో ఆ సొమ్ము రోడ్ల అభివృద్ధి పద్దు క్రింద వ్రాయబడెనని ప్రతీతి. పద్దు ఏదైనను ఖర్చు సార్థకమైనది. 1955లో విడుదలైన ఆ చిత్రము మరుసటి యేట కాన్ చిత్రోత్సవమున బహుమానమందెను. ఒక పల్లెయందలి పేద బ్రాహ్మణుని ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఒక ముదుసలి, వాన, రెల్లుచేల నడుమ పోవు రైలుబండి, ఇంతే కథ. పల్లెను ఎరిగినవారికి దానిలో తెలియని వస్తువు ఒక్కటియు లేదు. అయినను చూచిన పిమ్మట తమ వీధియే క్రొత్తగా కానవచ్చును.

రెండవ లెక్క ఇంతకంటె ముచ్చటైనది. 1976లో శ్యాం బెనెగల్ తీసిన 'మంథన్' చిత్రమునకు గుజరాతుదేశపు పాల సహకార సంఘములలోని 5 లక్షలమంది రైతులు తలకు 2 రూపాయల చొప్పున పెట్టుబడి పెట్టిరి. వెరసి 10 లక్షలు. పాలసముద్రమును చిలికినవారి కథకు పాలు పోయువారే నిర్మాతలైరి. ఆ చిత్రమును ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారు పునరుద్ధరింపగా 2024లో కాన్‌లో ప్రదర్శింపబడెను. తెలుగునాట 2018లో వెంకటేశ్ మహా విశాఖపట్టణపు కంచరపాలెములో అచ్చటి నివాసులనే అనేకులను పాత్రధారులుగా నిలిపి 'కేరాఫ్ కంచరపాలెం' తీసెను. ప్రసిద్ధ తారలు లేకున్నను ఆ చిత్రము జనుల హృదయములను చూరగొనెను. కావున స్వతంత్ర చిత్రమనగా నీరసమైనదనియు, పండితులకే పనికివచ్చుననియు భావించుట పొరపాటు.

రెండవ తెగ పరభాషా చిత్రములు. భాష తెలియని చిత్రమేల చూడవలెనని అడుగువారు కలరు. వారొక్కమాట తలపోయవలెను. తెలుగున ఆదికావ్యమని ప్రసిద్ధి కెక్కిన నన్నయభట్టు భారతము సంస్కృతమునుండి తెచ్చుకొన్నది. పొరుగింటి విత్తనము తెచ్చి తన చేనిలో పండించుకొనిన జాతికి పరభాష యను వెరపు తగదు. 1977లో మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ' తీసెను. కథ ప్రేమ్‌చంద్ ఉర్దూలో వ్రాసిన 'కఫన్', దర్శకుడు వంగీయుడు, చిత్రభాష తెలుగు. ఆకలికి ఏ భాష తనదని అడుగుట యెట్లు?

ఈ తెగలో మొదట చూడదగినవి మూడింటిని పేర్కొనుట చాలును. మొదటిది 1948లో ఇటలీదేశమున విట్టోరియో డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్'. యుద్ధానంతరము రోము నగరములో పనిలేని యొకనికి గోడలపై ప్రకటనలు అంటించు పని దొరకును. ఆ పనికి సైకిలు కావలెను. సైకిలు తాకట్టులో నుండును. భార్య మంచముపై దుప్పట్లు తీసి తాకట్టుపెట్టి సైకిలు విడిపించును. మొదటి దినముననే దానిని దొంగ యెత్తుకొనిపోవును. తండ్రియు చిన్న కొడుకును ఊరెల్ల వెదకుటయే కథ. తండ్రి పాత్ర ధరించినవాడు నటుడు కాడు, కర్మాగారపు కార్మికుడు. ఈ చిత్రమును 1950లో లండనులో చూచిన పిమ్మటనే సత్యజిత్ రే తన సంకల్పమును దృఢపరచుకొనెను. ఒక మంచి చిత్రము మరియొకదానికి తల్లి యగుననుటకు ఇది సాక్ష్యము.

రెండవది జపాను దర్శకుడు అకిరా కురొసావా 1952లో తీసిన 'ఇకిరు'. ఆ మాటకు జీవించుట యని అర్థము. నగరపాలక కార్యాలయమున ఒక శాఖాధికారి ముప్పది సంవత్సరములు కాగితములపై ముద్రలు వేయుచు గడపును. మురుగుగుంట పూడ్చి పిల్లలకు ఆటస్థలము కట్టించుడని కొందరు స్త్రీలు అర్జీ తెత్తురు. ఈ బల్లవారు ఆ బల్లకు, ఆ బల్లవారు వేరొక బల్లకు వారిని త్రిప్పుదురు. ఇంతలో అధికారికి కడుపులో రాచపుండు ముదిరి కొలదినెలలే బ్రతుకుననుట తెలియవచ్చును. వెనుదిరిగి చూచుకొనగా చేసినపని ఒక్కటియు కానరాదు. మిగిలిన దినములన్నియు ఆ అర్జీని పట్టుకొని బల్లబల్లకు తానే తిరిగి ఆటస్థలము కట్టించును. అతడు పోయిన పిమ్మట సహోద్యోగులు ఆ ఘనత ఎవరిదని తర్కింతురు. కార్యాలయములలో పనిచేయువారు, కార్యాలయముల చుట్టు తిరుగువారు, అనగా లోకమెల్ల చూడదగిన చిత్రమిది. దస్త్రములో కాగితము వెనుక మనుష్యుడున్నాడను మాటను ఇంతకంటె సూటిగా చెప్పిన చిత్రము అరుదు.

మూడవది పిల్లలకును పెద్దలకును సమానముగ తగినది. ఇరానులో 1965లో పిల్లల గ్రంథాలయములను నెలకొల్పుటకై కానూన్ అను సంస్థ యేర్పడినది. ఆ సంస్థయే పిమ్మట చలనచిత్ర శాఖను తెరచెను. ఆ శాఖలో పెరిగినవాడే అబ్బాస్ కియరోస్తమి. 1987లో ఆయన తీసిన చిత్రము పేరు 'స్నేహితుని ఇల్లెక్కడ?' బడిపిల్లవాడొకడు పొరపాటున తోటివాని నోటుపుస్తకమును ఇంటికి తెచ్చును. మరునాడు పాఠము ఆ పుస్తకములోనే వ్రాసి చూపనిచో తోటివానిని బడినుండి వెడలగొట్టెదనని ఉపాధ్యాయుడు చెప్పియుండెను. పిల్లవాడు కొండదారి నెక్కి పొరుగూరికి పోయి, స్నేహితుని ఇల్లు తెలియక, పెద్దలెవరును తన మాట చెవిని బెట్టక, చీకటి పడువరకు తిరుగును. ఇల్లు దొరకదు. తుదకేమి చేసెనో చూచినవారికే తెలియవలెను. పుస్తకపు పుటల నడుమ ఒక చిన్న పువ్వు కానవచ్చునని మాత్రము చెప్పుట చాలును. గంటన్నరలోపు ముగియు ఈ చిత్రమున ధర్మమను మాట యొకమారైనను ఉచ్చరింపబడలేదు. ధర్మము మాత్రము అడుగడుగునను కలదు. గ్రంథాలయ సంస్థనుండి ఇట్టి చిత్రములు పుట్టుట ఈ రజతోత్సవ వేళ విశేషించి గమనింపదగినది.

మూడవ తెగ డాక్యుమెంటరీలు. ఇవి కల్పితకథలు కాక యథార్థ జీవితమును చూపునవి. 1948లో భారత ప్రభుత్వము ఫిల్మ్స్ డివిజన్ స్థాపించెను. సినిమాహాలులో అసలు చిత్రమునకు ముందు వార్తాచిత్రము వేయుట నియమముగా నుండెడిది. ఆ పది నిమిషములు బయట బీడీ కాల్చుకొనివచ్చిన తరమువారికి డాక్యుమెంటరీ యనిన నేటికిని చిన్నచూపే. బయట నిలిచినవారు లోపల ఏమి పోగొట్టుకొనిరో ఎరుగరు. నేడు నీలగిరి అడవులలో తల్లిలేని ఏనుగుపిల్లలను సాకిన దంపతుల కథ 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' 2023లో ఆస్కారు బహుమానమందినది. దాని నిడివి ముప్పావుగంటకు లోపు. ఢిల్లీ మహానగరపు పొగలో కూలిన గ్రద్దలకు చికిత్స చేయు అన్నదమ్ముల కథ 2022 నాటి 'ఆల్ దట్ బ్రీత్స్'. పులుల చిత్రములు, యుద్ధ చిత్రములు మాత్రమే డాక్యుమెంటరీలని తలచువారు వీనిని చూడవలెను.

అయితే ఇచట ఒక హెచ్చరిక అవసరము. సాక్షి పలికినదెల్ల సత్యము కాదు, అడంగలులో వ్రాసినంత మాత్రమున పొలము పండదు. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ హడ్సను అఖాత తీరమున ఎస్కిమో జాతివారి జీవితమును గూర్చి 'నానూక్ ఆఫ్ ది నార్త్' అను చిత్రమును విడుదల చేసెను. డాక్యుమెంటరీలకు అది మూలపురుషుని వంటిది. కాని అందలి నాయకుని అసలు పేరు నానూక్ కాదు, అల్లకరియల్లక్. వెలుతురు చాలుటకై మంచుయిల్లు సగము తెరచి కట్టించిరి. అప్పటికే తుపాకులు వాడుకలో నుండగా పూర్వపు రీతిని బల్లెములతో వేట చూపించిరి. అట్లని ఆ చిత్రము అబద్ధమని పారవేయరాదు. ఆ మంచు నిజము, ఆ చలి నిజము, ఆ నవ్వు నిజము. ఏది కన్నులారా చూచినది, ఏది కల్పించి చూపినది అని విడదీయు హంసగుణము ప్రేక్షకునికి కావలెను. తీసినవాడెవడు, సొమ్మెవరిది, తెరపై కానరాని పక్షమేది అను మూడు ప్రశ్నలు ప్రతి డాక్యుమెంటరీకిని వేయవలెను.

ఇక పేర్లను వెదకు మార్గములు. మొదటిది కర్తను పట్టుకొనుట. ఒక కవి కావ్యము నచ్చినచో ఆయన రచించిన వేరొక కావ్యమును చదువుట పాఠకధర్మము. చిత్రములందు దర్శకుడే కర్త. 'ఇకిరు' నచ్చినవాడు కురొసావా చిత్రములనే మరి రెండు వెదకవలెను. నరసింగరావుగారి 'దాసి' నచ్చినవాడు ఆయన నిర్మాణమున గౌతం ఘోష్ దర్శకత్వము వహించిన 1979 నాటి 'మా భూమి'కి పోవలెను. ఒక పేరు పది పేర్లకు దారి చూపును.

రెండవది పెద్దల పట్టికలు. వెనిస్, కాన్, బెర్లిన్ చిత్రోత్సవముల బహుమానములు, 1954 మొదలు ఇచ్చుచున్న జాతీయ చలనచిత్ర బహుమానములు ప్రతి యేటను పత్రికలలో ప్రకటింపబడుచున్నవి. ఆ పట్టికలను కత్తిరించి ఉంచుకొనిన చాలును. బ్రిటిషు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి 'సైట్ అండ్ సౌండ్' పత్రిక 1952 మొదలు పదేసి సంవత్సరములకొకమారు విమర్శకుల అభిప్రాయములు సేకరించుచున్నది. మొదటిమారు అగ్రస్థానము 'బైసికిల్ థీవ్స్'ది. పిమ్మట 1962 మొదలు 2002 వరకు 'సిటిజన్ కేన్' నిలిచెను. 2012లో 'వెర్టిగో', 2022లో బెల్జియము దేశపు దర్శకురాలు షాంతాల్ అకెర్మన్ తీసిన 'జాన్ డీల్మన్' ఆ స్థానమందినవి. పట్టికలు మారుచుండుటను బట్టి అవి వేదములు కావని తెలియవలెను. ఆ కడపటి చిత్రము మూడు గంటలకు పైబడినది, ఒక వితంతువు ఇంటిపనులను నిదానముగా చూపునది, పెద్దలు మాత్రమే చూడదగినది. అభ్యాసము లేనివాడు దానితో ప్రారంభించుట అక్షరాభ్యాసము వసుచరిత్రతో ప్రారంభించుట వంటిది. బాలశిక్ష నుండియే మొదలుపెట్టవలెను.

మూడవది ఉచితముగ లభించు స్థానములు. కెనడా జాతీయ చలనచిత్ర మండలి 1939లో స్థాపితమైనది. తన చిత్రములను వేలకొలది ఇంటర్నెట్టులో ఉచితముగ చూపుచున్నది. కొరియా చలనచిత్ర భాండాగారము తన దేశపు పాతచిత్రములను ఇంగ్లీషు అక్షరములతో యూట్యూబులో ఉంచినది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్సు, ఇంటర్నెట్ ఆర్కైవు అను సంస్థ పాతచిత్రములనేకము చూచుటకు వీలుగా నుంచినవి. ఇవన్నియు భాండాగారములు, గ్రంథాలయములు అను మాట మరువరాదు. దుకాణము క్రొత్తదానిని ముందు పెట్టును, గ్రంథాలయము పాతదానిని పోనీయదు.

నాల్గవది ఏరిపెట్టు సంస్థలు. 2007లో ప్రారంభమైన ముబి యను సంస్థ కొంతకాలము దినమునకొక చిత్రము చొప్పున ఎప్పుడును ముప్పది మాత్రమే ఉంచెడిది. కొద్దిగానుండుటచేతనే చూచువాడు నిశ్చయింపగలిగెడివాడు. 1984లో ఆరంభమైన క్రైటీరియన్ సంస్థ అనేక చిత్రములకు వ్యాఖ్యానము, పీఠిక చేర్చి టీకాతాత్పర్య సహిత గ్రంథమువలె డిస్కులు వెలువరించుచున్నది. 2008లో ఆస్ట్రేలియాలో పుట్టిన కానొపీ సంస్థ పద్ధతి మిక్కిలి ఆదరణీయము. అమెరికా మొదలగు దేశములలో ఊరి గ్రంథాలయపు సభ్యత్వపు చీటీ యున్నవాడు ఇంటనుండియే దాని చిత్రములను రుసుము లేకుండ చూడవచ్చును. ఆ వెలను గ్రంథాలయము భరించును. పుస్తకమును ఎరువిచ్చినట్లే చిత్రమును ఎరువిచ్చుట! ఈ దేశపు గ్రంథాలయములును అట్టి యేర్పాటును కోరుట అత్యాశ కాదు.

చూచు విధమును గూర్చి రెండు మాటలు. పరభాషా చిత్రమున మాటలు తెర అడుగున ఇంగ్లీషులో కానవచ్చుట సామాన్యము. ఇంగ్లీషు రానివారి గతి యేమి? దీనికి పల్లెలో పాత ఉపాయము కలదు. పురాణ కాలక్షేపమున ఒకరు పద్యము చదువగా మరియొకరు అర్థము చెప్పుచుండిరి. అక్షరము రానివారు సైతము భారతమెల్ల ఎరిగినది ఆ విధముననే. మూకీ చిత్రముల కాలమున జపానులో బెన్షి యనువారు తెరప్రక్కన నిలిచి కథ చెప్పెడివారు. అటులనే ఇంట చదువుకొనిన అమ్మాయియో అబ్బాయియో కూర్చుండి, నాయనమ్మకు తాతకు మాట మాటకు అర్థము చెప్పవచ్చును. అవసరమైనచోట చిత్రమును ఆపవచ్చును గదా! సినిమాహాలున లేని సౌకర్యము ఇంట కలదు. అట్లు చూచిన చిత్రము ఒక్కరి చేతిలోని సెల్‌ఫోనునుండి ఇంటిల్లిపాది మధ్యకు వచ్చును. పేరు వినిన వెంటనే పిల్లలకు చూపరాదు. పెద్దలొకరు ముందుగా చూచుట మేలు. దొంగప్రతులను దరిజేరనీయరాదు. ఇంటి చందాతో తెప్పించుకొనిన చిత్రమును సభలో ప్రదర్శించుటకు హక్కుదారుల అనుమతి వేరుగా కావలెను.

ఇంత ప్రయాస యెందులకు? మంచి చిత్రములు ఎల్లకాలము నుండునని నమ్మకము లేకపోవుటచేత. 1931లో వెలువడిన తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' ప్రతి నేడు ఎచ్చటను లభ్యము కాదు. దేశమెల్ల చూచిన చిత్రము, దాచినవాడు లేక పోయినది. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము స్థాపింపబడిన పిమ్మట పి.కె. నాయర్‌గారు ఊరూర తిరిగి, ఫాల్కేగారి చిత్రముల మిగిలిన చుట్టలను సైతము సేకరించి కాపాడిరి. 'పథేర్ పాంచాలి' మూలప్రతి 1993లో లండనులోని ఒక ప్రయోగశాలలో అగ్నికి ఆహుతి యయ్యెను. కాలి మిగిలిన చుట్టలను అమెరికాలోని భాండాగారము భద్రపరచియుండెను. పిమ్మట ఇటలీలోని బొలోన్యాలో నిపుణులు ఒక్కొక్క బొమ్మనే బాగుచేసి, దొరకని భాగములను ఇతర ప్రతులనుండి చేర్చి, 2015లో మరల లోకమునకిచ్చిరి. ఇంటర్నెట్టులోని చిత్రములకును స్థిరవాసము లేదు. ఒడంబడిక గడువు తీరినచో నేడున్నది రేపుండదు. కోరువాడున్నంతకాలమే దేనినైనను దాచుదురు. అడుగువాడు లేని పుస్తకము చెదలపాలగును, అడుగువాడు లేని చిత్రము పేరుకూడ మిగులక పోవును. కావున పల్లెటూరి ఇంట ఒకడు కూర్చుండి పేరుపెట్టి ఒక పాతచిత్రమును అడుగుట చిన్నపని కాదు.

గ్రంథాలయశాస్త్ర పితామహుడు రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో ప్రతి పాఠకునికి తన పుస్తకము లభింపవలెనని ఒకటి, పాఠకుని కాలమును కాపాడవలెనని ఒకటి. ఆ రెండును ఇచట ఆచరణలో పెట్టుట సులభము. గ్రంథాలయపు బల్లపై పుస్తకముల చిట్టా ప్రక్కన మరియొక చిట్టా యుండవలెను. చిత్రము పేరు, దేశము, భాష, దర్శకుడు, సంవత్సరము, నిడివి, ఎచ్చట లభించినది, ఎవరెవరు చూడదగినది అని యెనిమిది గళ్ళు. చూచినవాడు ఒక వరుస వ్రాసి, నచ్చినదో లేదో నాలుగు మాటలు చేర్చి సంతకము చేయవలెను. కథకు మూలమైన నవల గ్రంథాలయమున నున్నచో దాని సంఖ్యయు వ్రాయవలెను. 'పథేర్ పాంచాలి' చూచినవాడు ఆ నవల తెలుగు అనువాదమునకై రాకపోడు. పుస్తకమునకును చిత్రమునకును వైరము తీరునది అచ్చటనే.

ఈ చిట్టాకు కావలసిన పెట్టుబడి ఒక నోటుపుస్తకము, ఒక కలము. మొదటి పుట నేడు వ్రాసినచో స్వర్ణోత్సవము నాటికి అది ఒక తరము అభిరుచికి చరిత్ర కాగలదు. అప్పటి బాలుడొకడు ఆ పుట త్రిప్పి, ఎన్నడో పోయిన పెద్దవాని చేవ్రాత చూచి, ఆ చిత్రము పేరుపెట్టి పిలిచి, ఇంటిల్లిపాదితో కూర్చుండి చూచినచో, ఏరి పెట్టువాడు ఈ ఊరికి వచ్చినట్లే.

గ్రంథాలయము శతవార్షికోత్సవములు జరుపుకొనుగాక. స్వస్తి.